పాత వంతెన గారి పదోన్నతి

రేవుపట్నం దగ్గర గోదావరి మీద నాలుగు వంతెనలున్నాయి. తెల్లదొరల కాలంలో రాతి స్తంభాల మీద కట్టిన పాత రైలు వంతెన ఒకటి. కింద రైలూ పైన బస్సూ పోయే జోడు వంతెన ఒకటి. కమానుల రైలు వంతెన ఇంకొకటి. ఊళ్లోకి రాకుండా లారీలన్నీ మొహం చాటేసుకుని పోయే బైపాసు వంతెన చివరిది. ఇవి ఒకదానితో ఒకటి గొడవ పడకుండా చూడడానికి ప్రభుత్వం ఒక శాఖను పెట్టింది. దాని పేరు సేతు సమన్వయ శాఖ. శాఖ పుట్టిన దగ్గర్నుంచి ఏ రెండు వంతెనలూ గొడవ పడిన దాఖలా లేదు కాబట్టి, శాఖ దివ్యంగా పనిచేస్తోందని ఏటా పైకి నివేదిక వెళ్లేది.

ఆ నివేదిక రాసేవాడు సూపరింటెండెంటు గంటి పద్మనాభం. సర్వీసంతా వంతెనల మధ్య శాంతి కాపాడిన మనిషి. వేసవి దాటితే రిటైరవుతాడు. ఆలోగా ఖాళీగా ఉన్న అసిస్టెంట్ డైరెక్టరు కుర్చీలో ఒక్కరోజైనా కూర్చోవాలన్నది ఆయన కోరిక. కోరిక అనడం తక్కువ చెప్పడమే. నల్లరాతి మీద 'గంటి పద్మనాభం, రిటైర్డ్ అసిస్టెంట్ డైరెక్టర్' అని ఎప్పుడో చెక్కించేసి, గోనెసంచిలో చుట్టి మంచం కింద పెట్టుకున్నాడు. ఇల్లు ఊడ్చేటప్పుడల్లా భార్య త్రిపురసుందరి దాన్ని కాస్త పక్కకి జరిపి, ఊడ్చి, మళ్లీ భద్రంగా లోపలికి తోసేది.

ఇంత పట్టుదల దేనికంటే, తోడల్లుడు జోగారావు గారి వల్ల. త్రిపురసుందరి అక్కగారి భర్త బులుసు జోగారావు వేరే శాఖలో అసిస్టెంట్ డైరెక్టరుగా రిటైరయ్యాడు. అప్పట్నుంచి అత్తవారి వైపు ఏ శుభకార్యమైనా మెత్తకుర్చీ ఆయనది, ప్లాస్టిక్ కుర్చీ పద్మనాభానిది. పెళ్లిభోజనాల్లో మొదటి బూరె ఆయన విస్తట్లో పడేది. "మా పద్మనాభం ఉన్నాడే, పాపం చాలా మంచివాడు," అని జోగారావు నలుగురిలో పరిచయం చేసేవాడు. ఆ 'పాపం' అన్న మాట విన్నప్పుడల్లా పద్మనాభానికి ఒళ్లు మండిపోయేది.

కుర్చీ రేపో మాపో అనగా, శాఖకి కొత్త కమిషనరు వచ్చాడు. పేరు చక్రధర్. ఏదో కొండప్రాంతంలో శిక్షణ పొంది, అక్కడి చలి ఇంకా దిగకముందే వచ్చి ఛార్జి తీసుకున్నాడు. వచ్చిన వారమే సిబ్బందిని పోగేసి ప్రసంగించాడు.

"మన శాఖ మానవ వనరులు ఒకచోట, మౌలిక వనరులు మరొకచోట విడివిడిగా మగ్గుతున్నాయి. ఈ విచ్ఛిన్న దృక్పథానికి నేటితో స్వస్తి. ఇకపై మనుషులూ వంతెనలూ ఒకే పోర్టల్‌లో ఉంటారు. దాని నామధేయం ఏకవేదిక."

ఏకవేదికలో ఫారం ఒక్కటే ఉంది. అది ఉద్యోగి ఫారం. వంతెనలకి వేరే ఫారం చేయాలంటే మళ్లీ టెండరు పిలవాలట. అంచేత వంతెనల్ని కూడా అందులోనే ఎక్కించమన్నాడు కమిషనరు. కంప్యూటర్ ఆపరేటర్ ఝాన్సీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు పద్మనాభం.

"తండ్రి పేరు కొట్టకపోతే ముందుకెళ్లనంటోందండి," అంది ఝాన్సీ.

"కట్టించిన ఇంజనీరు పేరు కొట్టమ్మా."

"దొరండి ఆయన."

"దొరైతే తండ్రి కాకూడదా? కొట్టు."

"వివాహితులా, అవివాహితులా అని అడుగుతోందండి."

పద్మనాభం ఆలోచించాడు. "జోడు వంతెనకి వివాహితులని పెట్టు. మిగతావాళ్లు ఒంటరివాళ్లే."

విద్యార్హత దగ్గర ఝాన్సీ ఆయన్ని అడగలేదు. ఇంజనీరింగ్ అని తనే కొట్టేసింది. పుట్టుమచ్చల గడిలో పాత వంతెనకి మూడో స్తంభం మీద తుప్పుమరక అని రాశారు. వయసు గడిలో మాత్రం మూడంకెలు పట్టలేదు. నూట ఇరవై ఎనిమిది కొడితే ముందున్న ఒకటి రాలిపోయి ఇరవై ఎనిమిదే నిలిచింది. ఉద్యోగంలో చేరిన తేదీ మాత్రం ఉన్నదున్నట్టుగా పడింది. పద్మనాభం టీ తాగొచ్చి, అన్నీ సరిగ్గా ఉన్నట్టు సంతకం పెట్టాడు.

ఆ సంతకమే కొంప ముంచింది. మర్నాడు ఏకవేదిక తనంతట తాను సీనియారిటీ జాబితా తయారుచేసి నోటీసుబోర్డుకి పంపింది. మొదటి పేరు పాత రైలు వంతెన. పద్మనాభం అయిదోవాడు. మూడు రోజుల్లో అసిస్టెంట్ డైరెక్టర్ పదోన్నతి ఉత్తర్వు కూడా వచ్చింది. పాత రైలు వంతెన గారిని ఆ పోస్టులో నియమించడమైనది.

పద్మనాభం ఉత్తర్వు చేత పట్టుకున్నాడు. పరుగున కమిషనరు గదిలోకి వెళ్లాడు.

"సార్, అది వంతెనండి."

"ఆ విషయం నా దృష్టికి వచ్చింది."

"దానికి ప్రాణం లేదండి."

"పదోన్నతి నియమావళి మొత్తం పరిశీలించాను, పద్మనాభం గారూ. ప్రాణం ఒక అర్హతగా ఎక్కడా నిర్దేశించబడలేదు. సర్వీసులో ఒక్కరోజు సెలవు పెట్టని ఉద్యోగిని మీరింకొకరిని చూపించగలరా? ఒక్క ఛార్జిమెమో ఉందా? ప్రజల భారం మోయడంలో వారికున్న అనుభవం మీకుందా?"

"పోనీ వయసు చూడండి సార్. ఎప్పుడో రిటైరవ్వాల్సింది."

"ఇరవై ఎనిమిదే."

"ఇరవై ఎనిమిదేళ్ల మనిషి నూట ఇరవై ఎనిమిదేళ్ల కిందట ఉద్యోగంలో ఎలా చేరతాడండి?"

కమిషనరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అదే నన్ను కదిలించింది. జన్మించక పూర్వమే విధుల్లో చేరిన అంకితభావం! మనమందరం తల దించుకోవాలి."

పద్మనాభం తల దించుకుని బయటికొచ్చాడు. ఆ సాయంత్రం ఇంట్లో అన్నం ముందు కూర్చుని విషయం చెప్పాడు. త్రిపురసుందరి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"వంతెనకిచ్చారా? అక్కయ్యకి ఏమని చెప్పనండీ? మీకంటే సమర్థుడెవరో వచ్చారని చెప్పొచ్చు గానీ, అక్కయ్యవాళ్లు రైలెక్కినప్పుడల్లా దాటే వంతెనొచ్చిందని ఎలా చెప్పను?"

పద్మనాభానికి నిజంగా ఏడుపొచ్చింది. పప్పులో కారం ఎక్కువైందని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు.

సన్మానసభ వంతెన కిందే జరిగింది. మొదటి స్తంభానికి శాలువా చాలక ఆరు శాలువాలు కలిపి కుట్టించారు. అభినందన పత్రం చదివే బాధ్యత సీనియర్ సూపరింటెండెంటుగా పద్మనాభం మీదే పడింది. "తమరి నాయకత్వంలో పనిచేసే భాగ్యం కలిగినందుకు," అని చదువుతుండగా పైనుంచి గూడ్సుబండి వెళ్లింది. కొత్త అసిస్టెంట్ డైరెక్టరు గారు ఆమోదం తెలిపారని కమిషనరు చప్పట్లు కొట్టాడు.

ఇక ఫైళ్లు రోజూ వంతెన దగ్గరికి తీసుకెళ్లాలి. మరి సంతకం? మొదటిరోజు పద్మనాభం ఫైళ్లు దూలం కింద పరిచి, చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. దూలాల సందుల్లో పావురాలున్నాయి. కాసేపటికి అయిదు ఫైళ్ల మీద తెల్లగా మరకలు పడ్డాయి. తుడుద్దామని జేబురుమాలు తీసి, ఎందుకైనా మంచిదని కమిషనరుకి చూపించాడు.

"మునుపటి అధికారి సంతకం కంటే స్పష్టంగా ఉంది," అన్నాడు కమిషనరు. "పడని ఫైళ్లు తిరస్కరించినట్టు లెక్క."

విచిత్రమేమిటంటే, పని జోరందుకుంది. ఏళ్ల తరబడి కదలని ఫైళ్లు కదిలాయి. కాంట్రాక్టర్లు పప్పుబెల్లాలు పట్టుకెళ్లి పావురాలకి వేయడం మొదలుపెట్టారు. శాఖ చరిత్రలో ఇంత అందుబాటులో ఉన్న అధికారి లేడని పేపర్లో కూడా పడింది. పద్మనాభం ఆ పేపరు మడిచి ఆఫీసులో బీరువా వెనక దాచేశాడు.

అంతా ఇలాగే సాగిపోయేది గానీ, ఎండాకాలం ముందు సాధారణ బదిలీలొచ్చాయి. అయిదేళ్లు మించి ఎవరూ ఒకేచోట ఉండకూడదని నిబంధన. పాత వంతెన వందేళ్లకి పైగా ఒకేచోట తిష్ట వేసుకుని కూర్చుందని ఏకవేదిక పట్టేసింది. పైరవీలేవో బలంగా చేయించుకుని ఉంటుందని కమిషనరుకి అనుమానం వచ్చింది. మెట్ట ప్రాంతానికి, చుట్టుపక్కల ఏరన్నది లేని ఊరికి బదిలీ చేశాడు. జాయినింగ్ టైము వారం రోజులు.

వంతెన కదల్లేదు.

అప్పుడు పద్మనాభంలో ఆశ మళ్లీ లేచి కూర్చుంది. బదిలీ మీద చేరకపోతే మెమో. మెమోకి జవాబివ్వకపోతే సస్పెన్షన్. ఆ పైన ఉద్యోగం నుంచి తొలగింపు. తొలగిస్తే ఖాళీ. ఖాళీ వస్తే తనే! మిగతా మూడు వంతెనలూ కనీస సర్వీసు నింపినవే అయినా, ఇంగ్లీషు టైపు పరీక్ష పాసవలేదని జాబితాలోంచి తప్పించడానికి ఆయన అప్పటికే ఝాన్సీ చేత ఒక నోటు కొట్టించి ఉంచాడు.

మెమో తనే రాశాడు, ఎంత కటువుగా రాయాలో అంత కటువుగా. తనే మైదాపిండి గిన్నె పట్టుకెళ్లి మొదటి స్తంభానికి అంటించాడు. అంటించాక వెంటనే రాబుద్ధి కాలేదు. చిన్నప్పుడు నాన్న వేలు పట్టుకుని మొట్టమొదట రైలెక్కింది ఈ వంతెన మీదుగానే. భయపడి కళ్లు మూసుకుంటే, "ఇదేం చేస్తుందిరా, మోస్తుంది అంతే," అన్నాడు నాన్న. అది గుర్తొచ్చి పద్మనాభానికి సిగ్గేసింది.

"నా మీద కోపం పెట్టుకోకండి సార్," అన్నాడు స్తంభంతో. "పైనుంచి ఆర్డరు. నాదేం లేదు."

పైనుంచి ఒక పావురం సంతకం పెట్టింది. ఈసారి ఆయన చొక్కా మీద.

వంతెన సంజాయిషీ ఇవ్వలేదు. సస్పెండైంది. సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగి చేత పని చేయించకూడదు గనక పోర్టల్‌లో ఎర్రగీత పడింది. ఆ గీతని చూసి రైల్వే సిగ్నళ్లు కూడా ఎర్రబడ్డాయి. రెండిటినీ కలిపితే సమన్వయం బాగుంటుందని అంతకుముందే కలిపి ఉంచారు మరి. పాత వంతెన పని కమాను వంతెనకి అదనపు బాధ్యతగా అప్పగించారు. దాంతో దాని పనిగంటలు మధ్యాహ్నానికే నిండిపోయాయి. సాయంత్రం రైళ్లు అటు ఒడ్డున ఆగిపోయాయి. జోడు వంతెన తనకీ న్యాయం జరగాలన్నట్టు ఒంటిగంట నుంచి రెండింటిదాకా భోజన విరామంలోకి వెళ్లిపోయింది. వివాహిత ఉద్యోగిగా నమోదై ఉంది కాబట్టి కుటుంబ అవసరాల సెలవు కూడా పోర్టలే మంజూరు చేసింది. ఆదివారాలు బైపాసు వంతెనకి వారపు సెలవు.

ఊరంతా అల్లకల్లోలమైపోయింది. పెళ్లికొడుకు ఈ ఒడ్డునా పెళ్లికూతురు ఆ ఒడ్డునా ఆగిపోయారు. జోడు వంతెన మొదట్లో బస్సులాగిపోతే జనం దిగి, వంతెన భోంచేసి లేచేదాకా బజ్జీలు తింటూ కూర్చున్నారు. "ఏంటండీ ఇంతసేపు, ఇంకా పెరుగన్నంలోకి రాలేదా?" అని ఒక పెద్దావిడ కాపలా కానిస్టేబుల్‌ని నిలదీసింది. ఆయన వాచీ చూసుకుని, "మజ్జిగ దాకా వచ్చిందమ్మా," అన్నాడు.

ఆ గందరగోళంలోనే పాత వంతెనని సర్వీసు నుంచి తొలగించారు. టైపు పరీక్ష పాసవని మిగతా మూడూ పక్కకి పోయాయి. పద్మనాభానికి పదోన్నతి వచ్చింది. రిటైర్మెంట్ ఇంకా నెలాఖరున ఉంది. త్రిపురసుందరి రాతిపలకని మంచం కిందనుంచి లాగి గోనెసంచి విప్పేసింది.

పద్మనాభం ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఉత్తర్వు చేత్తో పట్టుకుని చదువుకుంటూ కమిషనరు గదిలోకి వెళ్లాడు. రెండో పేరా దగ్గర ఆగిపోయాడు.

"సార్, ఇక్కడేదో పొరపాటు పడిందండి. పని చేయవలసిన స్థలం గోదావరి, మొదటి స్తంభం అని ఉంది."

"తొలగించబడిన అధికారి వల్ల ఏర్పడిన ఖాళీలో మిమ్మల్ని నియమించాం. స్థలమూ విధులూ ఆ అధికారివే సంక్రమిస్తాయి."

"విధులు... నదికి అడ్డంగా నిలబడి రాకపోకలకు తోడ్పడడం అని ఉందండి."

"అది పోస్టుకి నిర్దేశించిన కార్యభారం. దాన్ని మార్చే అధికారం ప్రభుత్వానికే ఉంది. మీకు సమ్మతం కాకపోతే పదోన్నతి శాశ్వతంగా వదులుకుంటున్నట్టు రాసివ్వవచ్చు."

పద్మనాభం కళ్ల ముందు ప్లాస్టిక్ కుర్చీ కనిపించింది. ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే రేవు దగ్గర పాంటు మోకాళ్ల పైకి మడిచాడు. పడవ నడిపే గంగులు చూసి దగ్గరికొచ్చాడు.

"ఎక్కడికండి బాబుగారూ?"

"డ్యూటీకి."

"ఆయ్, అలాగేనండి. అటు పోకండి, గొయ్యుందండి. ఇలా రండి, ఇక్కడైతే నడుములోతేనండి." చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా మొదటి స్తంభం పక్కన నిలబెట్టి వెళ్లాడు.

పద్మనాభం ఫోను తీసి ఏకవేదికకి మొహం చూపించి హాజరు వేసుకున్నాడు. స్థలం సరిపోయింది, విధుల్లో ఉన్నారు అని పచ్చగా వచ్చింది. ఆ మరుక్షణం రైలు సిగ్నలు కూడా పచ్చబడింది. పోస్టు భర్తీ అయింది కదా! అటు ఒడ్డున రోజుల తరబడి ఆగిపోయిన ఎక్స్‌ప్రెస్ ఒక్క కూత పెట్టి కదిలింది. ఉద్యోగం పోయిన పాత వంతెన మీదుగానే దర్జాగా వెళ్లింది. ఉద్యోగం లేకపోతే మాత్రం, ఖాళీగానే ఉంది కదా, మోసింది.

పద్మనాభం మెడ ఎత్తి పెట్టెలన్నీ దాటేదాకా చూశాడు. కాలు తిమ్మిరెక్కి ఒడ్డుకి రాబోతే ఫోను ఎర్రగా అయి, వెనకొస్తున్న రైలు కీచుమని ఆగింది. మళ్లీ నీళ్లలోకి పరిగెత్తాడు. రైలు కదిలింది. అంటే ఊరి రాకపోకలన్నీ తన కాళ్ల మీద ఉన్నాయన్నమాట! సర్వీసంతా నివేదికలు రాస్తే పట్టించుకున్నవాడు లేడు. ఇప్పుడు తను తుమ్మితే విజయవాడ దాకా తెలుస్తోంది.

ఇంకో సంగతి ఆయన ముందు ఊహించలేదు. గోదావరి దాటేటప్పుడు రైల్లోవాళ్లు దండం పెట్టి చిల్లర వేస్తారు. పెట్టె పెట్టెకీ కిటికీల్లోంచి చేతులు జోడించి వంగుతున్నారు. నాణేలు చుట్టూ టపటపా పడుతున్నాయి. ఒకటి బట్టతల మీద ఠంగుమని మోగింది. నెప్పి పుట్టినా పద్మనాభం ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. ఇంతమంది కలిసి తనకి దండం పెట్టడం అదే మొదలు.

మధ్యాహ్నం త్రిపురసుందరి గంగులు పడవలో క్యారియర్ తెచ్చింది. పెరుగన్నం ముద్దలు చేసి అందిస్తూ, "పోనీ వదిలేద్దామాండీ, మీకసలే జలుబు తత్వం," అంది.

"వదిలేస్తే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఆగిపోతుందే," అన్నాడాయన గంభీరంగా. ఆవిడ తర్వాతి ముద్ద మీద ఆవకాయ బద్ద పెట్టి అందించింది.

నెలాఖరుదాకా అలాగే మోశాడు. చివరిరోజు శాలువా కప్పారు. ఒక్కటే సరిపోయింది. తర్వాత ఆ పోస్టుకి అర్హులెవరూ లేకపోవడంతో, నిబంధనల ప్రకారం కమిషనరే అదనపు బాధ్యతలు తీసుకోవలసి వచ్చింది. చక్రధర్ గారు పొద్దున్న నీళ్లలో దిగారు. పదకొండింటికి కాలి బొటనవేలిని ఏదో చేప పరిశీలించింది. పన్నెండింటికల్లా ఏకవేదిక రద్దయింది. మౌలిక వనరులను మానవ వనరులుగా పరిగణించడంలో కొన్ని ఆచరణాత్మక సున్నితత్వాలు గమనించబడ్డాయని ఉత్తర్వులో రాశారు.

రద్దయినా పద్మనాభం పదోన్నతి చెల్లింది. పింఛను కాగితాల్లో ఆయన హోదా, పోర్టల్‌లో పాత అధికారికి ఉన్నట్టే పడింది. దాన్ని మార్పించాలంటే ఏడాది తిరగాలన్నారు. ఆయన తిరగలేదు. రాతి పలక వెనక్కి తిప్పి, రెండోవైపు కొత్తగా చెక్కించి గుమ్మం పక్కన పెట్టించాడు.

మొదటి ఆదివారమే జోగారావు దంపతులు రైల్లో దిగారు. జోగారావు గుమ్మం దగ్గర ఆగి, కళ్లద్దాలు సవరించుకుని చదివాడు. 'గంటి పద్మనాభం, రిటైర్డ్ వంతెన'.

"ఇదేం హోదా పద్మనాభం?" అన్నాడు లోపలికొచ్చి, నవ్వు ఆపుకుంటూ. "గెజిటెడ్డేనా?"

"అది నాకు తెలీదు గానీ అన్నగారూ, గోదావరి మీద పోస్టింగు. కిందటి నెల్లో మీరు ఇటుగా వెళ్లారు కదూ?"

"వెళ్లాను. కాకినాడ పని మీద. నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. కిటికీలోంచి మీరు చిల్లర వేశారు."

"అవును. రూపాయి వేశాను."

"రూపాయి కాదండి. పావలా. చెల్లనిది." పద్మనాభం బట్టతల ఒకసారి తడుముకున్నాడు. "దండం మాత్రం బాగా పెట్టారు. నడుం వంచి మరీ."

త్రిపురసుందరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లి, బూరెల పళ్లెం తెచ్చింది. గదిలో ఉన్న మెత్తకుర్చీ ఒకటే. దాన్ని ఆవిడ భర్త వైపుకి జరిపి, మొదటి బూరె ఆయన చేతిలో పెట్టింది.